తెలిసినవారికే కంటి ఆపరేషను

మా జీడిపేటలో ఎవరికీ ఏమీ తెలియదన్న సంగతి ప్రభుత్వానికి నిరుడు ఆషాఢంలో తెలిసింది. అంతకుముందు ఆ సంగతి మాకూ తెలియదు. తెలియనన్నాళ్ళూ సుఖంగానే ఉన్నాం.

ఎలా తెలిసిందంటే, రాజధానిలో ఒక పెద్ద అధికారి ఏదో చలిదేశంలో జరిగిన సదస్సుకు వెళ్ళివచ్చారు. ప్రజాస్వామ్యం నిలవాలంటే 'ఇన్ఫార్మ్‌డ్ సిటిజన్' ఉండాలని అక్కడెవరో ఆయన చెవిన వేశారు. విమానం దిగీదిగగానే ఫైలు తెరిచారు. ఫైలు తెలుగులోకి రావాలి గనక అనువాద విభాగానికి వెళ్ళింది. అక్కడి ఉద్యోగి మొదట 'సమగ్ర సమాచార సముపార్జనా చైతన్యవంతుడైన పౌరుడు' అని రాశాడట. అంత మాట రబ్బరు స్టాంపులో పట్టదని స్టోర్సు వాళ్ళు వెనక్కి పంపారు. రెండోసారి అతను విసిగిపోయి 'తెలిసిన పౌరుడు' అని రాసి పడేశాడు. స్టాంపులో చక్కగా పట్టింది. అలా పథకానికి పేరు కుదిరింది.

ఉత్తర్వు పదహారు పేజీలు. అసలు సంగతి మాత్రం ఒక్క ముక్క. ఇకమీదట కుళాయిలు, వైద్య శిబిరాలు, వగైరాలన్నీ తెలిసిన పౌరులకే. తెలియనివారు ముందు తెలుసుకుని, పురపాలక సంఘం ఆఫీసులో పరీక్షకు నిలబడి, ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

ఆటోకు మైకు కట్టి ఊరంతా చాటించాం. "తెలిసినవారికే కుళాయి కనెక్షన్లు! తెలిసినవారికే కంటి ఆపరేషన్లు!" అని. గగ్గోలు పుడుతుందని మేం భయపడ్డాం గానీ ఊరికి చీమ కుట్టినట్టైనా లేదు. బస్టాండు దగ్గర టీ కొట్టు నడిపే పారినాయుడు మైకు వంక చూసి, "ఇందులో కొత్తేటుంది? ఎప్పుడూ తెలిసినోళ్ళకే గదా పన్లవుతాయి! ఇప్పుడు మైకెట్టి సెప్తన్నారు, అంతే," అన్నాడు.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు గుప్తేశ్వరరావు, సర్వీసు ఇరవై తొమ్మిదేళ్ళు. పేరు చెప్పుకోవడం ఇప్పుడు తప్పు కాదు గనక చెబుతున్నాను. ఆ పథకం నడిచినన్నాళ్ళూ తప్పుగానే ఉండేది.

పథకానికి రాష్ట్రస్థాయి జ్ఞాన పరిశీలకులు ఆచార్య మార్తాండం గారు. మాకు శిక్షణ ఇవ్వడానికి స్వయంగా వేంచేశారు. కౌన్సిలు హాల్లో అందరం కూర్చున్నాం. చెత్తబండి ఏ వారం వస్తుంది, ఓటరు జాబితాలో పేరు ఎలా సరిచూసుకోవాలి, మురుగుకాలవ పొంగితే ఎవరికి చెప్పాలి, ఇలాంటివి పౌరులకు తెలియాలన్న ఉద్దేశం కాబోలని మేం అనుకున్నాం. మంచిదే కదా అని కూడా అనుకున్నాం. ఆచార్యుల వారు మా అమాయకత్వానికి చిరునవ్వు నవ్వారు.

"తన్ను తానెరుగనివాడు తన వార్డును ఎట్లెరుగును? వార్డును ఎరుగనివాడు రాజ్యాంగమును ఎట్లెరుగును? కావున మూలము నుండి ప్రారంభించవలసియున్నది," అని సెలవిచ్చి నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాశారు. తాము ఎవరు? ఎచ్చటి నుండి వచ్చితిరి? ఎచ్చటికి పోవుచున్నారు? ఎందుకు?

జవాబుల కీ సీలు వేసిన కవరులో ఉంది. ఆ కవరు విప్పే అధికారం ఎవరికీ దఖలు పడలేదు. మరి మార్కులు వేయడం ఎలాగని నేను లేచి అడిగాను.

"కీలో లేని జవాబు తప్పు," అన్నారు.

"కీలో ఏముందో తెలియదు కదండీ?"

"తెలియనంతవరకు అన్నియు లేనట్లే భావించవలెను," అన్నారు. పక్కనున్న స్టెనో ఆ మాటను అండర్‌లైన్ చేశాడు.

ముందుగా మా సిబ్బందికే పరీక్ష పెట్టారు. కమిషనరు వైకుంఠం గారు లేచి, గొంతు సవరించుకుని, "నేను జీడిపేట పురపాలక సంఘం కమిషనరును," అన్నారు.

"అది పదవి. బదిలీ అయినచో?"

బదిలీ అన్న మాట వినగానే కమిషనరు గారి మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. "వైకుంఠాన్ని," అన్నారు నెమ్మదిగా.

"అది మీ తల్లిదండ్రులు పెట్టిన శబ్దము. మీరు ఎవరు?"

పాపం, ఆయన కూలబడిపోయారు. మర్నాటి నుంచి ఆయన గది బయట నేమ్‌ప్లేటుకు గుడ్డ కట్టించారు. ఫైళ్ళన్నీ సంతకం లేకుండా తిరిగి రావడం మొదలైంది. ప్రతిదాని మీదా ఎర్రసిరాతో 'సంతకము చేయవలసినది ఎవరో తేలిన పిమ్మట సమర్పించునది' అని ఒకే రిమార్కు.

నా వంతు వచ్చినప్పుడు ఎక్కడి నుంచి వచ్చావంటే, పక్కగదిలో ఫైలు సగంలో వదిలేసి వచ్చానన్నాను. తప్పాను. మొత్తం నలభై ముగ్గురమూ తప్పాం. అయితే తప్పినవాళ్ళు పరీక్ష పెట్టకూడదని ఉత్తర్వులో ఎక్కడా లేదు. అందుకని నన్ను మూడో నంబరు కౌంటరులో కూర్చోబెట్టి, స్టాంపు చేతికిచ్చారు.

మొదటి రోజే వచ్చింది అసిరమ్మ. అరవై దాటిన మనిషి. రైల్వే వంతెన అవతలి జీడిపప్పు ఫ్యాక్టరీలో చిన్నప్పటి నుంచీ పప్పు ఒలుస్తోంది. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. ఎడమది బొత్తిగా పోయింది. గుండు పప్పుకీ విరిగిన బద్దకీ తేడా తెలియక రెండూ కలిపేస్తోందని ఫ్యాక్టరీ మేస్త్రీ పని మాన్పించాడు. కార్తీకమాసంలో పెద్దాసుపత్రి వాళ్ళు మా ఊళ్ళో కంటి శిబిరం పెడతారు. అందులో ఆపరేషను చేయించుకుని వస్తే మళ్ళీ బుట్ట ముందు కూర్చోనిస్తానన్నాడు. శిబిరం దాటితే మళ్ళీ ఏడాది దాకా లేదు. శిబిరంలో పేరు రాయాలంటే మా ధ్రువపత్రం కావాలి.

ఆమె కిటికీ ఊచలు తడుముకుంటూ వచ్చి, నేను కూర్చున్నవైపు కాకుండా గోడవైపు దండం పెట్టింది.

"బాబూ, నాకు ఈ ఆపీసులో తెలిసినోళ్ళెవులూ నేరు. నానూ ఎవులికీ తెలీదు. ఏటి సెయ్యమంటారు?"

"ఆ తెలియడం కాదు మామ్మా, ఇది వేరు. నాలుగు ప్రశ్నలడుగుతాను. నువ్వెవరివి?"

"అసిరమ్మను."

"అది పేరు."

"పేరు కాకపోతే మరేటుంటాది బాబూ నాకాడ?"

నేను తప్పు గుర్తు పెట్టాను. "ఎక్కడి నుంచి వచ్చావు?"

"వంతెన అవతల నుండి. నడిసొచ్చినాను."

తప్పు. "ఎక్కడికి పోతున్నావు?"

"కంటి డాక్టరు కాడికి. నువ్వు సీటీ ఇస్తే."

తప్పు. "ఎందుకు?"

"అగుపడక బాబూ," అంది.

ఆ నాలుగు జవాబుల్లో నాకు వంక పెట్టడానికేమీ కనిపించలేదు. కీలో మాత్రం లేవు, ఎందుకంటే కీలో ఏముందో నాకు తెలియదు. ఫారం మీద 'అభ్యర్థినికి ప్రశ్న అర్థము కాలేదు' అని రాసి పక్కన పెట్టాను. సిగ్గుపడ్డానా అంటే, పడ్డాను. కానీ వెనకాల ఎనభైమంది వరసలో ఉన్నారు.

శ్రావణం వచ్చేసరికి ఊళ్ళో అందరూ మామూలుగా మాట్లాడ్డం మానేశారు. కాలేజీ రోడ్డులో మూడు అస్తిత్వ కోచింగ్ సెంటర్లు వెలిశాయి. పొద్దున్నే ఆరింటికి అటుపోతే వందమంది గొంతెత్తి 'నేను నేను కాను! నేను నేను కాను!' అని వల్లె వేయడం వినిపించేది. ఆటోవాణ్ణి స్టేషనుకు వస్తావా అంటే, "పోవడమనేది నిజంగా ఉందాండీ?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు. విశాఖ పాసింజరు మాత్రం నిజంగానే వెళ్ళిపోయేది. మార్కెట్టు వీధిలో గడ్డివాము అంటుకుంటే ఫైరు స్టేషనుకు ఫోను చేశారు. అక్కడ డ్యూటీలో ఉన్నతను పరీక్షకు చదువుకుంటున్నాడు. "కాలుచున్నది ఏది? గడ్డియా, గడ్డి అను భావనయా?" అని అడిగాడట. గడ్డి పూర్తిగా కాలాక భావన మాత్రమే మిగిలింది గనక బండి పంపలేదు.

మా శానిటరీ ఇన్‌స్పెక్టరు మరీ లోతుకు దిగాడు. చెత్త అంటే ఏమిటో, ఎవరికి చెత్తో, నిన్నటిదాకా అది చెత్త కాదు కదా అని తొమ్మిదో వార్డులో పదకొండు రోజులు కుప్ప ముందు నిలబడి ఆలోచించాడు. కుప్ప పెరిగింది. దోమలకు మాత్రం తామెవరో, ఎక్కడికి పోవాలో స్పష్టంగా తెలుసు.

ఇంతలో అసిరమ్మ ఆరుసార్లు వచ్చి వెళ్ళింది. ప్రతిసారీ అవే జవాబులు. ఆమెకు కోచింగు లేదు, అబద్ధం రాదు. ఆరోసారి నేను విసుక్కుని, "కాస్త వేరేగా చెప్పరాదా మామ్మా?" అన్నాను. "వంతెన అవతల నుండి రాకుండా ఇంకెక్కడ నుండి ఒస్తాను బాబూ?" అంది.

భాద్రపదం నెలాఖరుకు ఉత్తీర్ణత శాతం లెక్క పైకి పంపాం. పరీక్షకు నిలబడినవారు పద్నాలుగు వేల చిల్లర. ఉత్తీర్ణులు సున్న. రాజధానిలో కలకలం పుట్టింది. దసరాలోగా నూరు శాతం తెలిసిన పట్టణాలను ప్రకటించాలని అక్కడ ముహూర్తం పెట్టుకుని కూర్చున్నారు. ఆచార్య మార్తాండం గారు కారులో ఆఘమేఘాల మీద వచ్చి మమ్మల్ని మళ్ళీ హాల్లో కూర్చోబెట్టారు.

"లోపము ఎచ్చటనున్నదో గుర్తించితిమి," అన్నారు. "మీరు తెలిసిన జవాబులను కోరుచున్నారు. అది దోషము. తనకేమియు తెలియదని తెలిసికొనుటయే పరమమైన తెలివి. ఇకపై తెలియదు అన్నవాడు ఉత్తీర్ణుడు. తెలియును అన్నవాడు అహంకారి."

"అయితే తెలిసిన పౌరుడంటే తెలియని పౌరుడాండీ?" అన్నాడు వెనక బెంచీలోంచి మా రికార్డు కీపరు.

"సరిగ్గా గ్రహించితిరి," అన్నారు ఆచార్యుల వారు. రికార్డు కీపరు గ్రహించింది ఆయన గ్రహించలేదు.

ఇక చూడాలి మా కౌంటరు దూకుడు. నువ్వెవరు, తెలియదు, ఎక్కడి నుంచి, తెలియదు, స్టాంపు. గంటకు రెండు వందల మందిని తెలిసిన పౌరులుగా చేసి బయటికి పంపాను. కమిషనరు గారు కూడా నా కిటికీ దగ్గర నిలబడి, నాలుగుసార్లు తెలియదని చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ పత్రం తీసుకున్నారు. నేమ్‌ప్లేటు మీద గుడ్డ అలాగే ఉంచారు, ముందు జాగ్రత్తకు. ధ్రువపత్రం పోతుందన్న భయంతో జనం అన్నింటికీ తెలియదనడం మొదలుపెట్టారు. మీ వార్డు మెంబరెవరంటే తెలియదు. మీ వీధిలో నీళ్ళొచ్చి ఎన్నాళ్ళయిందంటే తెలియదు. కాలవ పూడిక తీశామని కాంట్రాక్టరు బిల్లు పెట్టాడు, తీశాడా అంటే ఎవరికీ తెలియదు. ఇంత అనుకూలమైన పౌరులు తనకు ఏ ఊళ్ళోనూ తగల్లేదని ఆ కాంట్రాక్టరు అందరికీ చెప్పుకున్నాడు.

తేలనిది ఒక్క అసిరమ్మ వ్యవహారమే. శిబిరం ఎల్లుండి అనగా ఏడోసారి వచ్చింది. కొత్త పద్ధతి చెప్పాను.

"నా పేరు నాకు తెలీదని ఎలగ సెప్పమంటావు బాబూ? ఇన్న వోళ్ళు ఉమ్మేస్తారు."

"ఎవరూ ఉమ్మెయ్యరు. ఊరంతా అలాగే అంటోంది."

"అబద్దం గదా!"

"ఎల్లుండి శిబిరం మామ్మా! మళ్ళీ ఏడాది దాకా లేదు. ఏది అడిగినా, ఎవరడిగినా తెలియదు అను. కన్ను కావాలా, నిజం కావాలా?"

ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో నేనన్న మాటల్లో అంత పాడుమాట ఇంకోటి లేదు. ఆమె ఊచలు పట్టుకుని నాలుగుసార్లు, ప్రతిసారీ తల దించుకుని, "తెలీదు" అంది. స్టాంపు వేశాను.

శిబిరం హైస్కూల్లో. ధ్రువపత్రాలు సరిచూడ్డానికి మా ఆఫీసు తరఫున నన్నే వేశారు. పెద్దాసుపత్రి నుంచి వచ్చిన డాక్టరమ్మ సన్నగా, చురుగ్గా ఉంది. పొద్దున్నించీ ఆమెకు మతి పోతోంది. పేరడిగితే తెలియదంటున్నారు, వయసు తెలియదంటున్నారు, సుగరుందా అంటే తెలియదంటున్నారు. "ఏం ఊరండీ ఇది!" అని నావైపు చూసింది. నేను రిజిస్టరులోకి చూశాను.

అసిరమ్మ వంతు వచ్చింది. డాక్టరమ్మ టార్చి వేసి చూసి, "రెండూ ముదిరాయి. ఇవాళ ఒక్కదానికే చేస్తాను. ఏది ఎక్కువ బాధగా ఉంది మామ్మా? కుడా, ఎడమా?" అంది.

అసిరమ్మ చేతులు కట్టుకుని, "తెలీదమ్మా," అంది.

"నీ కన్ను నీకు తెలియదా?"

"తెలీదు."

"పేరేమిటి?"

"తెలీదు."

"ఇంటి దగ్గర ఎవరున్నారు?"

"తెలీదమ్మా."

డాక్టరమ్మ టార్చి ఆర్పేసింది. పక్కనున్న నర్సుతో మెల్లిగా, "మతి సరిగా లేనట్టుంది. కదలకుండా పడుకోలేదు, మత్తు ఇవ్వాలంటే ఇక్కడ కుదరదు. ముందు మానసిక విభాగానికి రాయండి. కన్ను సంగతి వచ్చే ఏడాది చూద్దాం," అంది.

రిజిస్టరు మూసి లేచాను. "మామ్మా! చెప్పెయ్యి! ఇక్కడ తెలుసునని చెప్పొచ్చు!"

అసిరమ్మ గొంతు వచ్చినవైపు తిరిగింది. "ఎవులడిగినా తెలీదనమన్నావు గదా బాబూ. సెప్తే సీటీ లాగేస్తారేటో?"

"లాగరు. లాగితే నన్ను లాగుతారు. చెప్పు!"

ఇక ఆగలేదు. "ఎడమది తల్లీ! ఎడమ కన్ను! నా పేరు అసిరమ్మ, మాది వంతెనవతల, ఇంటికాడ ఎవులూ నేరు, నాకు సుగరు నేదు, మతి బాగానే ఉంది, పప్పు ఒల్సుకుంటాను!" అని గుక్క తిప్పుకోకుండా చెప్పి ఏడ్చేసింది. రెండు రోజులుగా లోపల అణుచుకున్న తెలివంతా ఒక్కసారి బయటపడింది. డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. ఆ మధ్యాహ్నమే ఎడమ కంటికి ఆపరేషను అయింది.

కథ అక్కడితో ముగిసిపోయేదే. కానీ శిబిరంలో వాడిన ప్రతి ఫారమూ పైకి పోతుంది. అందులో 'రోగి చెప్పిన వివరములు' అనే గడి ఒకటి ఉంటుంది. నలభై రోజులకు నాకు రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి నాకు మెమో. సదరు అసిరమ్మ మీకు తెలిసిన మనిషి అని వినికిడి, వివరణ ఇవ్వండి అని. ఇన్నేళ్ళకు మా ప్రభుత్వం ఆ మాటను ఊళ్ళో జనం వాడే అర్థంలోనే వాడింది. రెండోది ఆమెకు నోటీసు, నేను స్వయంగా వెళ్ళి అందజేయాలి.

జీడి ఫ్యాక్టరీకి వెళ్ళాను. ముప్పైమంది ఆడవాళ్ళు బుట్టల ముందు కూర్చున్నారు. అసిరమ్మ కిటికీ వెలుగులో కూర్చుని, గుండు ఇటు, బద్ద అటు, చకచకా విసిరేస్తోంది. మేస్త్రీ పక్కనే నిలబడి ఉన్నాడు గానీ ఒక్క మాటా అనడం లేదు. "మామ్మా," అని పిలిచాను. తలెత్తి నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ గొంతు కవుంటరు బాబుది కాదూ? ఓలమ్మో! ఇంత ముసిలోడివా నువ్వు? గొంతునిబట్టి కుర్రోడివనుకున్నాను. ఆ జుట్టేటి బాబూ, అంతా నెరిసిపోనాది! ఇంత పెద్దోడివి అలగ జనం సేత తిట్లు తింటా ఆ కిటికీలో కూకుంటావా రోజూ?"

నా మొహాన్ని ఎవరైనా అంత శ్రద్ధగా చూసి ఎన్నాళ్ళయిందో! నాకు చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే నోటీసు తీసి చదివాను.

"సదరు అసిరమ్మ 'తెలియదు' అను అర్హతపై ధ్రువపత్రము పొంది, శిబిరమునందు తన ఎడమ కన్ను ఏదియో తెలిసియుండి చెప్పినందున, ధ్రువపత్రము ఆది నుండియు చెల్లదు. కావున తత్సంబంధముగా పొందిన దృష్టిని ఏడు దినములలోగా పూర్వస్థితికి తెచ్చి, ఆ మేరకు ఈ కార్యాలయమునకు తెలియపరచవలెను."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒలవడం ఆపేశారు. అసిరమ్మకు ఒక్క ముక్కా బోధపడలేదు. వాడుక మాటల్లో మళ్ళీ చెప్పాను.

"అంటే ఏడు రోజుల్లో నాను మళ్ళీ గుడ్డిదాన్నయిపోవాలా?"

"అలాగే రాశారు."

"ఎలగయిపోవాలో రాసినారా?"

"రాయలేదు."

"అయితే అది కూడా రాసినాక రమ్మను," అని ఇంకో పిడికెడు పప్పు ముందుకు లాక్కుంది. ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వి, నేనున్నానని గుర్తొచ్చి మానేశాడు.

నోటీసు ముట్టినట్టు గుర్తు కావాలన్నాను. ఇంకు ప్యాడు తెరిచి పట్టుకున్నాను. ఆమె బొటనవేలు అద్దుకుని, కాగితం తన వైపు తిప్పుకుని, ఎవరూ చూపించకుండానే అడుగున ఉన్న చుక్కల గీత మీద సరిగ్గా ముద్ర వేసింది. నేను అక్కడే గడప మీద కూర్చుని, నియమం ప్రకారం కాగితం వెనక నా రిపోర్టు రాశాను: 'ఈ నోటీసును సదరు అసిరమ్మ కళ్ళారా చూసి తీసుకున్నది.'